నేర న్యాయపాలన: మూడు ప్రభుత్వాంగాల బాధ్యత

(జంషెడ్‌పూర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శాసనసభ చట్టం చేస్తుంది, కార్యనిర్వాహక వర్గం దానిని అమలు జరుపుతుంది, న్యాయస్థానం తీర్పు చెబుతుంది అని మనమందరం పాఠ్యపుస్తకాలలో చదువుకొన్నాము. ఈ మూడు అధికారాలూ ఒకే మనిషిపై ఒకేసారి పనిచేసే చోటు ఒకటున్నది. అది జైలు. నేరం ఇంకా రుజువు కాని విచారణ ఖైదీ స్వేచ్ఛ ఈ మూడింటి చేతులలోనూ ఉన్నది. వీటిలో ఏ ఒక్కటి జాప్యం చేసినా దాని ఫలితాన్ని అనుభవించేది అతడే.

రాజ్యాంగం 7వ షెడ్యూలు ప్రకారం పోలీసు, జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశాలు. నేరశాసనము, నేర విచారణ పద్ధతి ఉమ్మడి జాబితాలోనివి. అనగా పార్లమెంటు నిర్ణయించిన పద్ధతిని ఆచరణలో పెట్టవలసినది రాష్ట్ర ప్రభుత్వోద్యోగులే. అరెస్టయిన వ్యక్తిని 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచవలెనని 22వ అధికరణం శాసిస్తున్నది. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుండి వేరుచేయవలెనని 50వ అధికరణం ఆదేశిస్తున్నది. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడు, నేరాలను విచారించే మేజిస్ట్రేట్లను హైకోర్టు అదుపులో ఉంచినది. అరెస్టు చేసేవారు, తీర్పు చెప్పేవారు ఒకరే కారాదన్నది ఇందలి ఆశయం.

అయితే ఆశయానికీ ఆచరణకూ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈ ప్రాంతపు చరిత్రయే చెబుతున్నది. ఆనాడు సింగ్‌భూమ్ జిల్లా బీహారులో భాగం. 1970లో ఈ జిల్లాలో మేరీ టైలర్ అనే బ్రిటిష్ ఉపాధ్యాయిని నక్సలైట్లతో సంబంధమున్నదన్న అభియోగంపై అరెస్టయినది. హజారీబాగ్, జంషెడ్‌పూర్ జైళ్లలో ఆమె సుమారు 5 సంవత్సరాలు గడిపినది. 1975లో ప్రభుత్వం కేసును ఉపసంహరించి ఆమెను స్వదేశానికి పంపివేసినది. ఆమె దోషియా, నిర్దోషియా అన్నది న్యాయస్థానం తేల్చనే లేదు. ఆమె కోసం ఆమె దేశంలో గొంతెత్తినవారున్నారు. ఆమెతోబాటు అదే గోడల నడుమ ఉన్న పేద స్త్రీల కోసం అడిగేవారు ఎవరు?

ఆ ప్రశ్నకు సమాధానం 1979లో లభించినది. జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడైన కె. ఎఫ్. రుస్తంజీ బీహారు జైళ్లను స్వయంగా చూచినారు. ఆ ఆధారంతో జనవరిలో ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ పత్రికలో వ్యాసాలు వెలువడినవి. వాటిని చేతబట్టుకొని న్యాయవాది పుష్పా కపిలా హింగొరానీ సుప్రీంకోర్టును ఆశ్రయించినారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైనా పడదగిన గరిష్ఠ శిక్షకంటె ఎక్కువ కాలం విచారణ లేకుండానే జైలులో మగ్గినవారు అందులో ఉన్నారు. సత్వర విచారణ 21వ అధికరణం ప్రసాదించిన జీవన స్వాతంత్ర్యంలో అంతర్భాగమని జస్టిస్ పి. ఎన్. భగవతి ప్రకటించినారు. డబ్బు లేదని రాజ్యం ఈ బాధ్యతను తప్పించుకోజాలదని కూడ కోర్టు స్పష్టపరచినది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. లోపాన్ని కనుగొన్నది కార్యనిర్వాహక వర్గం నియమించిన కమిషన్‌లోని సభ్యుడే. దానిని హక్కుల భాషలో పలికినది న్యాయస్థానం. కాని తీర్పుతోనే జైలు తలుపులన్నీ తెరచుకొనలేదు. ఆ తరువాత కొద్ది కాలానికే, నేటి జార్ఖండ్‌లోని పాకుడ్ ఉపకారాగారంలో నలుగురు పహాడియా గిరిజన బాలురు 8 ఏళ్లుగా విచారణ ఖైదీలుగానే ఉన్నారని కాద్రా పహాడియా కేసులో బయటపడినది. ఒక కేసులో వెలువడిన తీర్పు ప్రతి జైలుకూ చేరవలెనంటే దానిని సాధారణ నియమంగా మార్చే శాసనం అవసరం.

ఆ పని పార్లమెంటు క్రమంగా చేసినది. 1976లో 42వ సవరణ ద్వారా ఉచిత న్యాయసహాయం రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలలో చేరినది. 1987లో న్యాయసేవల అధికార సంస్థల చట్టం వచ్చినది. 2005లో చేసిన సవరణ, గరిష్ఠ శిక్షలో సగకాలం జైలులో గడిపిన విచారణ ఖైదీకి విడుదల పొందే అవకాశం కల్పించినది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను, అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారికి ఈ గడువును మూడవ వంతుకు తగ్గించినది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు, ఒకటికంటె ఎక్కువ కేసులున్నవారికి ఇది వర్తించదు. గడువు పూర్తికాగానే కోర్టుకు దరఖాస్తు చేయవలసిన బాధ్యతను జైలు సూపరింటెండెంటుపై ఉంచినారు. అనగా బంతి మరల కార్యనిర్వాహక వర్గం వద్దకే వచ్చినది.

అయినను, 2022 చివరినాటికి దేశంలోని ఖైదీలలో నూటికి సుమారు 76 మంది విచారణ ఖైదీలే. చట్టం లేక కాదు. రికార్డు వెదకి తేదీలు లెక్కించే గుమాస్తా, ఖైదీని కోర్టుకు తీసుకొని వెళ్లే పోలీసు బలగం, పూచీకత్తు ఇచ్చే బంధువు, తగినంతమంది న్యాయాధికారులు, ఈ నలుగురిలో ఎవరు లేకున్నా హక్కు కాగితంపైనే నిలిచిపోతుంది. ఊరుకాని ఊరికి కూలికి వచ్చినవానికి ఈ కష్టం మరింత ఎక్కువ. అతని భాష కోర్టుకు తెలియదు, కోర్టు భాష అతనికి తెలియదు. హామీ ఇచ్చే ఇరుగుపొరుగు ఉండదు. భిన్న రాష్ట్రాలవారు కలిసి బ్రతుకుతున్న ఈ ఉక్కునగరంలో ఈ సంగతిని విడమరచి చెప్పనవసరం లేదు.

విద్యార్థులారా! అధికారాలను మూడుగా విభజించినది ఒకరినొకరు అదుపులో ఉంచుకొనుటకే గాని, బాధ్యతను ఒకరిపై ఒకరు నెట్టుకొనుటకు కాదు. మీ జిల్లా న్యాయసేవల అధికార సంస్థ ఎక్కడ ఉన్నదో తెలుసుకొనండి. అరెస్టయిన పేదవాని కుటుంబానికి అక్కడ ఉచితంగా న్యాయవాది లభిస్తాడని, వారికి అర్థమయ్యే భాషలో చెప్పండి. తన హక్కు ఏమిటో తెలిసిన కుటుంబం అడుగుతుంది. అడిగేవారున్నప్పుడే ఈ మూడు అంగాలూ వేళకు కదులుతాయి.