చెంచులింటి యల్లుడు: కథలలో దేవుని పాత్ర

దేవుని గురించి శాస్త్రము చెప్పు మాట యొకటి, కథ చెప్పు మాట వేరొకటి. దేవుడు పరిపూర్ణుడనియు, ఆయనకు కొఱత గాని కోరిక గాని లేదనియు శాస్త్రము చెప్పును. అది సత్యమే కావచ్చును. కాని కథ చెప్పువానికి ఆ సత్యముతో పని జరుగదు. కోరిక లేనివాడు ఇల్లు కదలడు. ఇల్లు కదలనివానిమీద కథ నడువదు. ఆకలియో, ప్రేమయో, పంతమో, అప్పో, ఏదో యొకటి తగులుకొన్నగాని మనుష్యుడు పాత్ర కాజాలడు. దేవుడును అంతే. కాబట్టి దేవుని కథలోనికి దింపదలచిన ప్రతివాడును ముందుగా ఆయనకొక కొఱత కల్పింపవలసియున్నది. ఆ కొఱత యెట్టిదో చూచినచో, కథ చెప్పినవారు దేవునినుండి యేమి కోరిరో మనకు తెలియవచ్చును.

పాల్కురికి సోమనాథునకు ఈ సంగతి బాగుగా తెలియును. బసవపురాణములో బెజ్జమహాదేవి యను ముగ్ధురాలు శివునకు తల్లి లేదని బెంగపెట్టుకొన్నది. తల్లిలేని బిడ్డ గనుకనే ఆయన యట్లు శ్మశానముల వెంబడి తిరుగుచున్నాడని ఆమె తలపు. అందుచేత తానే తల్లియై లింగమును పసిబిడ్డవలె సాకినది. శివుడు ఆమె ప్రేమను పరీక్షింపదలచి అంగిటిముల్లు తెచ్చుకొన్న బిడ్డగా నటించెను. జగత్తునకు తండ్రియైనవానికి తల్లి లేదను కొఱతను కనిపెట్టుట సామాన్యమైన యూహ కాదు. వేదాంతి వంద గ్రంథములు వ్రాసినను ఈ యొక్క కొఱత ఆయనకు కనబడదు.

ఇతర దేశములవారికిని ఈ చిక్కు తప్పలేదు. మిల్టను మహాకవి 1667లో ప్రకటించిన పారడైజ్ లాస్ట్ కావ్యములో దేవుడు సింహాసనముపైనుండి దీర్ఘముగా ఉపన్యసించును. చదువరుల మనస్సు మాత్రము పోరాడి యోడిన సైతానువెంట పరుగెత్తును. 1977లో వచ్చిన ఓ గాడ్ అను అమెరికా చలనచిత్రములో జార్జి బర్న్స్ అను వృద్ధ హాస్యనటుడు దేవుని వేషము వేసెను. ఆ దేవుడు ఒక అంగడిలో పనిచేయు సామాన్యుని పట్టుకొని, తన మాట లోకమునకు చేరవేయుమని యడుగును. సరదాయైన చిత్రమే. కాని ఆ దేవునకు కావలసినది ఒక వార్తాహరుడు మాత్రమే. తనకంటూ ఒక మనిషి కావలెనని కాదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. మార్కాపురము, కంభము, గిద్దలూరు, యర్రగొండపాలెము మొదలగు సీమ 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువఱకు కర్నూలు జిల్లాలోనిది. ఆ క్రొత్త జిల్లాకే 1972లో ప్రకాశము పేరు పెట్టిరి. ఈ యూళ్ళలో ఎక్కడ నిలిచి పడమటికి చూచినను నల్లమల కనబడును. మార్కాపురములో వెలసిన చెన్నకేశవస్వామిని గూర్చియు ఒక స్థలకథ కలదు. మారిక యను భక్తురాలి పేరుననే ఆ యూరు ఏర్పడినదందురు. ఆమె కథ చెప్పువారినిబట్టి మాఱును గాన దానిని విడిచి, ఈ కొండలకే చెందిన పెద్దకథను చూతము.

మార్కాపురమునకు వాయవ్యముగా, కొండల నడుమ శ్రీశైలమున్నది. దానికి తూర్పువాకిలి యని పేరొందిన త్రిపురాంతకము ఈ సీమలోనిదే. గిద్దలూరునకు నైరృతిగా, నల్లమల యావలి వాలున అహోబిలమున్నది. ఒకచోట శివుడు, ఒకచోట విష్ణువు. భక్తులలో ఒకప్పుడు ఒకరి గుడి గడప నింకొకరు తొక్కనివారుండిరి. కాని అడవిలో విచిత్రమైన సంగతి యొకటి జరిగినది. శ్రీశైల మల్లికార్జునుడు చెంచుపిల్లను పెండ్లాడెననియు, అహోబిల నరసింహుడు చెంచుపిల్లను పెండ్లాడెననియు ఈ కొండలలో చెప్పుకొందురు. చెంచులు మొదటివానిని చెంచు మల్లయ్య యందురు; రెండవవానిని తమ యల్లునిగా భావింతురు. ఇట్లు హరిహరులకు ఉభయులకు ఒక్కటే అత్తవారిల్లు! మన పండితులు ఎన్ని వాదములు చేసి యెన్ని సమన్వయములు సాధించిరో గాని, ఇంత తేలికగా ఎవరును ఆ యిద్దఱను తోడల్లుండ్రను చేయలేకపోయిరి.

నరసింహుని కథ ముఖ్యముగా ఇది. హిరణ్యకశిపుని చీల్చిన తరువాత స్వామి కోపము చల్లాఱలేదు. దేవతలు దగ్గఱకు రాలేకపోయిరి. ఆ యుగ్రముతోనే ఆయన కొండలవెంట తిరుగుచుండగా, వేటకు వచ్చిన చెంచుపిల్ల కనబడినది. ఆమెకు ఆయనయెడల భయము లేదు. భయపడని మనిషిని చూచుట ఆయనకు అదే మొదలు. కోపము దిగినది, వలపు పుట్టినది. అంతట పిల్లను ఇమ్మని యడుగవలసివచ్చెను. మూడు లోకములు చేయిచాచి తన్నడుగుట ఎఱిగినవాడు, తాను చేయిచాచి యొకరి నడుగుట ఇదియే.

ఆ యడిగినచోటనే కథకు రుచి పుట్టినది. పిల్ల సులభముగా ఒప్పుకొనదు. నీవెవరవు, నీ కులమేమి, నీకేమి పని వచ్చును అని ప్రశ్నించును. ఆమె లెక్కలో శంఖచక్రములు పనికిరావు. చెట్టెక్కుట వచ్చునా, గడ్డ త్రవ్వుట వచ్చునా, విల్లు పట్టుట వచ్చునా, తేనె తీయుట వచ్చునా, అని యడుగును. అడవిలో సంసారము చేయువానికి కావలసిన విద్యలు అవియే. వైకుంఠములో ఏ యొక్కటియు నేర్పరు. ఇచ్చట సర్వజ్ఞుడు విద్యార్థి కావలెను.

తేనె మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. నల్లమలలో పెద్దతేనె నిలువుకొండల చరియలకు పట్టును. చెంచు తీగలతో పేనిన తాడు కట్టుకొని, చరియమీదినుండి క్రిందికి వ్రేలాడుచు, పొగపెట్టి పట్టును కోయును. మీద తాడు పట్టుకొనువానిమీద అతని ప్రాణమున్నది. ఆ తాడును సాధారణముగా బావమఱిది చేతికిత్తురు. అన్నదమ్ములకైనను పాలుపంపకముల తగవులుండవచ్చును. తన చెల్లెలు ముండమోయవలెనని ఏ యన్నయు కోరడు గదా, అని వారి తర్కము. పిల్లనిచ్చుట యనగా వారి దృష్టిలో ఇదియే: ప్రాణముమీదికి వచ్చినప్పుడు తాడు పట్టుకొనుటకొక మనిషి దొరకుట. దేవుని అల్లుడుగా చేసికొన్నవారు ఆయనకు ఎంతటి స్థానమిచ్చిరో, ఆయనను ఎంతటి పూచీలో ఇఱికించిరో దీనివలన ఊహింపవచ్చును. ఇరుపక్షములవారును తాడునకు చెఱియొక కొనయందున్నారు.

ఈ బంధుత్వము కథలోనే ఆగిపోలేదు. అహోబిలములో కనుమనాడు పారువేట మొదలగును. స్వామి పల్లకీ సుమారు 40 దినములు చుట్టుప్రక్కల గ్రామములలో తిరుగును. ఫాల్గుణములో జరుగు తన పెండ్లికి స్వామియే ఇంటింటికి వచ్చి పిలుచుచున్నాడని జనులు చెప్పుకొందురు. బయలుదేఱునప్పుడు చెంచులు పల్లకీమీదికి బాణములు వేయుదురు. మా పిల్లను తీసికొనిపోయినవాడవు నీవే గదా, అను బావమఱుదుల చనువది. ఏ గుడిలోనైనను దేవునిమీద బాణము వేయు హక్కు భక్తునికుండునా? ఆ హక్కు చుట్టమునకుండును.

ఇది దేవుని తక్కువ చేయుట కాదా యని కొందఱడుగుదురు. దేవునిచేత చెట్టెక్కించి, గడ్డలు త్రవ్వించి, ఆడుదాని ముందు తెల్లమొగము వేయించుట అపచారమే యని వారి భావము. నేనట్లు తలంపను. అహోబిలమఠమున పీఠమెక్కిన శఠకోప యతీంద్రుడే ఈ వివాహమును వస్తువుగా గొని వాసంతికా పరిణయమను నాటకమును సంస్కృతములో రచించెను. కాషాయము ధరించిన సన్న్యాసి, మఠాధిపతి, తన యిలవేల్పునకు వలపు పుట్టిన ముచ్చటను నాటకముగా వ్రాయుటకు జంకలేదు. ఆయనకు లేని సంకోచము మనకేల?

అయితే ఆ నాటకములోనే మఱియొక సంగతి గమనింపదగినది. అందు చెంచుపిల్ల వాసంతిక యను పేరుగల వనదేవత యైనది. అనగా అడవినుండి మెట్టు దాటి కొంత పైకి వచ్చినది. ఈ పైకి తెచ్చు పని తరువాత ఆగలేదు. ఓబయమంత్రి రచించిన గరుడాచల యక్షగానములో, దానివంటి వీధినాటకములలో, ఆదిలక్ష్మి వేఱు, చెంచిత వేఱు. ఇద్దఱును ఎదురుపడి వాదులాడుదురు. ఒకతె జాతిని ఎత్తిచూపును. రెండవతె తన కొండ, తన విల్లు, తన మగడు అని నిలిచి బదులు చెప్పును. స్వామి నడుమ చిక్కి ఎవరికిని సమాధానము చెప్పలేడు. చూచువారు నవ్వుదురు, కాని ఆ నవ్వులో ఒక న్యాయము జరుగుచున్నది. చెంచిత లక్ష్మితో సమముగా నిలిచి మాటాడుచున్నది.

చలనచిత్రములు వచ్చిన తరువాత ఈ కథ తెలుగుదేశమంతటను ప్రాకినది. 1943లో ఒక చెంచులక్ష్మి, 1958లో ఇంకొక చెంచులక్ష్మి వచ్చినవి. రెండవదానిని బి. ఏ. సుబ్బారావు తీసెను, అక్కినేని నాగేశ్వరరావు శ్రీహరి, అంజలీదేవి చెంచులక్ష్మి. చెంచుపిల్ల నరహరిని చెట్టెక్కగలవా యని యడుగు పాట నేటికిని పల్లెలలో వినబడుచున్నది. ఆ చిత్రము చేసిన మేలును కాదనరాదు. అది లేనిచో నల్లమల కథ కోస్తాలో ఎందఱికి తెలిసియుండును? కాని అందులో ఆదిలక్ష్మియే చెంచులక్ష్మియై పుట్టినది. రెండు పాత్రలును అంజలీదేవియే ధరించినది. లక్ష్మి లేక నారాయణుడుండడను సిద్ధాంతమునకు ఇది సరిపోయినది. ఏకపత్నీత్వమునకును భంగము రాలేదు. చూచినవారి మనస్సులు తృప్తిపడినవి.

చెంచులకు మాత్రమేమి మిగిలినది? పిల్ల తమదైనంతకాలము దేవుడు తమ యల్లుడు. పిల్ల లక్ష్మియే యైనచో, చెంచుదొర ఆమెను కొంతకాలము పెంచి యప్పగించినవాడు మాత్రమే. దేవుడు అడవికి వచ్చినది తన భార్యను తాను తీసికొనిపోవుటకు. అప్పుడు ఆయన అడిగినది అడుగుట కాదు, నటన. పిల్ల పెట్టిన పరీక్షయు నటనయే. దేవునకు నిజముగా ఒక కొఱత కలిగి, అది ఒక చెంచుగూడెములో తీఱెనను మాట పోయినది. సిద్ధాంతము నిలిచినది గాని కథ చచ్చినది. అడవివారి గొప్పను చెప్పుచున్నామనుకొనుచునే వారిచేతిలోని తాడును మనము తీసికొన్నాము.

ఇది వట్టి సాహిత్యచర్చ యని తలంపవలదు. నల్లమలలో పెద్దభాగము 1983 నుండి పులుల సంరక్షణక్రింద నున్నది. అడవిలో ఎవరుండవచ్చును, ఎవరు తేనె తీయవచ్చును, ఏ గూడెము ఎక్కడకు కదలవలెను అనునవి చెంచులకు నిత్యప్రశ్నలు. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చినది. కాగితము చూపుమని అధికారి యడుగును. ఈ కొండ మా బావది, మా యాడపడుచు కాపురముండిన చోటిది, అను మాట ఏ రికార్డులోను ఎక్కదు. కథలో నైనను ఆ మాట చెడకుండ నుండవలెనని నేను కోరుట అందుకే.

తరువాతి చిత్రములలో దేవుడు క్రమముగా ఉద్యోగి యైనాడు. 1977 నాటి యమగోలలో యమధర్మరాజు కొలువు మన తాలూకా కచేరీవలె నుండును. చిట్టా, గుమాస్తా, పొరపాటు, దానిపై తగవు. కచేరీల చుట్టు తిరిగి యలసిన జనులకు ఆ హాస్యము హాయి నిచ్చినది. ఒక గుజరాతీ నాటకమునుండి హిందీకి, హిందీనుండి మనకు వచ్చిన గోపాల గోపాల 2015లో విడుదలయ్యెను. అందు భూకంపములో అంగడి పోయిన వర్తకుడు దేవునిమీద వ్యాజ్యము వేయగా, దేవుడే వచ్చి వానికి తోడుపడును. ప్రశ్న పదునైనది. కాని ఆ దేవునకు మనవలన కావలసినదేదియు లేదు. ఆయన వచ్చును, చక్కబెట్టును, పోవును. ఆయనపై మనకు గౌరవము కలుగును గాని, బాణము వేయు చనువు కలుగదు.

నల్లమల యంచున గిద్దలూరు, దోర్నాల, యర్రగొండపాలెము ప్రాంతములలో చెంచుగూడెములు కలవు. యక్షగానకర్త చెప్పిన చెంచిత, మఠాధిపతి చెప్పిన వాసంతిక, చిత్రములలోని చెంచులక్ష్మి, అందఱును మనకు అచ్చులోనో తెరపైననో దొరకుదురు. చెంచుస్త్రీల నోట ఈ కథ యెట్లున్నదో విని, వారి మాటలలోనే వ్రాసికొను పని చేయవలసియున్నది. మార్కాపురపు పలకలమీద తెలుగుపిల్లలు తరతరములుగా అక్షరములు దిద్దినారు. అక్కడినుండి గూడెము ఎంతో దూరము కాదు. వెళ్ళినవారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యొకటే: మీ పిల్లను ఆయనకు ఏమి చూచి యిచ్చితిరి?