లేజరు కిరణము - చర్మము మానువిధము



1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ తొలి లేజరు కిరణమును వెలిగించెను. నేడు వైద్యులు దానిని మచ్చలకు, మొటిమల గుంటలకు వాడుచున్నారు. అయితే కిరణము చేయునది గాయము, మాన్పుకొనునది చర్మమే.

2004లో వెలువడిన పద్ధతిలో కిరణము సన్నని చుక్కలుగా మాత్రమే చర్మమును కాల్చును. నడుమనున్న చర్మము చెక్కుచెదరదు. అచ్చటి జీవకణములు ప్రక్కకు జరిగి, ఒకటి రెండు దినములలో పైపొరను పూడ్చును. లోపల కొల్లాజెన్ అను నారపదార్థము నెలల తరబడి క్రొత్తగా అల్లుకొనుచుండును.

చామనచాయ చర్మమునకు ఒక చిక్కు కలదు. గాయమునకు రంగుకణములు రెచ్చి నల్లమచ్చను మిగుల్పవచ్చును. ఎండ దానిని పెంచును. కావున చికిత్స పొందినవారు కొన్ని వారములు ఎండ తగులనీయరాదు, పక్కు గిల్లరాదు. ఊడ్పుల కాలమునను, కోతల కాలమునను ఈ చికిత్సకు పోకుండుట మేలు. ఇచ్చట ఓర్పే సగము వైద్యము.