లెక్క రాసేవాడికి కొలువు వుందా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కామర్స్ చదువు, అకౌంటెంటు ఉద్యోగాలు అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను అకౌంటెంటును కాను. ఉర్దూ మీడియం బడిలో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి. అయితే నా దగ్గర చదివిన పిల్లల్లో చాలామంది ఏదో వొక దుకాణం గల్లాపెట్టె పక్కనో, ఆఫీసు కంప్యూటరు ముందో లెక్కలు రాస్తూనే సంసారాలు ఈదుకొస్తున్నారు. కొందరు బాగా పైకి వచ్చారు. కొందరు పదేళ్ళయినా చేరిన జీతానికి కాస్త అటూ ఇటూగా అక్కడే వున్నారు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికి ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్న సంగతి.

ముందుగా మన ఇళ్ళలో వున్న ఒక అలవాటు గురించి. పదో తరగతిలో మార్కులు బాగా వస్తే ఎంపీసీ, బైపీసీ. తక్కువ వస్తే, "ఇంకేం చేస్తాడు, సీఈసీలో పడేయండి మాస్టర్ సాబ్" అంటారు. పడేయడం! అలా పడేసిన పిల్లవాడు మూడేళ్ళ బీకాం కూడా అలాగే పూర్తిచేస్తాడు. పట్టా చేతికి వస్తుంది. జర్నల్ ఎంట్రీ మాత్రం రాదు. ఉద్యోగానికి వెళ్ళినచోట యజమాని పట్టా చూడడు. బ్యాంకు పాసుబుక్కు, బిల్లుల కట్ట ముందు పెట్టి, "రెండూ సరిపోతున్నాయో లేదో చూడు" అంటాడు. అక్కడే తేలిపోతుంది.

నిజానికి ఈ విద్య మనకు కొత్తది కాదు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా, ఖజానా, కిస్తీ - ఇవన్నీ ఉర్దూ, ఫారసీల దారిన తెలుగులోకి వచ్చి తెలుగు మాటలే అయిపోయాయి. పాతకాలపు షావుకారు చిట్టా ఆవర్జాలు అనేవాడు. ఇవాళ కంప్యూటరులో డేబుక్, లెడ్జర్ అంటున్నది వాటినే. ఇటలీలో లూకా పాచియోలీ అనే మతగురువు 1494లో అచ్చువేసిన గణిత గ్రంథంలో జంటపద్దు పద్ధతిని వివరించాడు. ప్రతి లావాదేవీకి రెండు వైపులు వుంటాయి, రెండు వైపులూ సమానం కావాలి అన్న ఆ సూత్రం ఇప్పటికీ మారలేదు. మారినది రాసే పనిముట్టు. కలం పోయి కీబోర్డు వచ్చింది.

ఇక మార్కెట్టు సంగతి. "కంప్యూటరే అన్నీ చేస్తుంటే అకౌంటెంటు ఎందుకు?" అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. దాచకుండా చెప్పాలంటే, బిల్లులు చూసి ఒక్కొక్కటిగా కొట్టే పని తగ్గిపోతున్నది. బ్యాంకు స్టేట్‌మెంటు నేరుగా సాఫ్ట్‌వేరులోకి వస్తుంది. కాగితం బిల్లును ఫోటో తీస్తే అంకెలు వాటంతట అవే ఎక్కుతున్నాయి. కేవలం ఎంట్రీలు కొట్టడం మాత్రమే నేర్చుకుని ఆగిపోయినవాడి కొలువుకు భద్రత లేదు.

కాని అదే సమయంలో వేరే పని పెరిగింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటినుంచి ఒక మోస్తరు వ్యాపారికి నెలనెలా కొన్ని తేదీలు మెడమీద కత్తిలా వుంటాయి. 7వ తేదీలోగా టీడీఎస్ కట్టాలి. 11లోగా అమ్మకాల వివరాలు జీఎస్టీఆర్-1లో పెట్టాలి. 15లోగా పనివాళ్ళ ప్రావిడెంటు ఫండు, ఈఎస్ఐ. 20లోగా 3బి రిటర్ను, పన్ను. చిన్న వ్యాపారులకు మూడు నెలలకొకసారి రిటర్ను వేసే వెసులుబాటు వున్నా, పన్ను కట్టే బాధ్యత నెలనెలా వుంటూనే వుంటుంది. తేదీ దాటితే లేటు ఫీజు, వడ్డీ. ఈ తేదీలు తెలిసి, చెప్పించుకోకుండా పని ముగించే మనిషిని ఏ షావుకారూ వదులుకోడు.

ఒక ఉదాహరణ చెబుతాను. మన బజారులో ఒక హార్డువేరు వ్యాపారి లక్ష రూపాయల సరుకు కొన్నాడనుకోండి. నూటికి 18 చొప్పున పన్ను 18,000 అదనంగా చెల్లించాడు. అదే సరుకును లక్షా ఇరవై వేలకు అమ్మి, కొన్నవాడి దగ్గర పన్ను 21,600 వసూలు చేశాడు. ముందు కట్టిన 18,000 మినహాయించుకుని మిగతా 3,600 ప్రభుత్వానికి కడితే సరిపోతుంది. లాభం 20,000. కాని సరుకు పంపినవాడు తన రిటర్నులో ఆ బిల్లు చూపకపోతే, మనవాడి 2బి పట్టికలో అది కనిపించదు. కనిపించకపోతే మినహాయింపు లేదు. మొత్తం 21,600 కట్టుకోవాలి. ఇరవై వేల లాభంలో మిగిలేది రెండు వేలు! కంప్యూటరు "తేడా వున్నది" అని ఎర్రగా చూపిస్తుంది, అంతవరకే. సప్లయరుకు ఫోను చేసి, నచ్చజెప్పి, అవసరమైతే చెల్లింపు ఆపి, ఆ బిల్లు రిటర్నులోకి ఎక్కించేది మనిషే. ఆ మనిషి పేరే అకౌంటెంటు.

చట్టాలు కూడా ఒకచోట నిలవడం లేదు. ఐదు కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారులకు 2023 ఆగస్టు నుంచి ఇ-ఇన్వాయిస్ తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేరులో ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో చెరగకుండా నమోదు కావాలన్నారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. చదువు ఆపేసినవాడు రెండేళ్ళలో పాతబడిపోతాడు. చదువుతూ వుండేవాడికి ప్రతి మార్పూ ఒక కొత్త పనే.

ఇప్పుడు దారులు ఎన్ని వున్నాయో చెబుతాను.

మొదటిది, మన వూరి దుకాణాలు, రైసు మిల్లులు, ఆస్పత్రులు, ఆడిటరు ఆఫీసులు. బీకాంతోపాటు టాలీ, ఎక్సెల్, జీఎస్టీ పని వస్తే ఇక్కడ చోటు దొరుకుతుంది. మొదట జీతం తక్కువే. దాన్ని చూసి నిరాశపడవద్దు. కాని రెండు మూడేళ్ళకు మించి అదే మెట్టు మీద కూర్చోవద్దు.

రెండవది, సర్కారీ కొలువు. ఖజానా శాఖలో, ఇతర శాఖల్లో జూనియర్ అకౌంటెంటు, సీనియర్ అకౌంటెంటు పోస్టులు పబ్లిక్ సర్వీసు కమిషన్ పరీక్షల ద్వారా భర్తీ అవుతాయి. కేంద్రంలో కాగ్ కింద ఆడిటరు, అకౌంటెంటు పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీజీఎల్ పరీక్ష వున్నది. డిగ్రీ చాలు. అయితే నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఏదో వొక పని చేసుకుంటూ దీనికి చదవండి. దీనికోసమే ఐదేళ్ళు ఖాళీగా కూర్చోవద్దు.

మూడవది, చార్టర్డ్ అకౌంటెన్సీ. 1949 చట్టంతో ఏర్పడిన ఇన్‌స్టిట్యూటు దీన్ని నడుపుతున్నది. ఇంటర్ కాగానే ఫౌండేషన్ రాయవచ్చు. తరువాత ఇంటర్మీడియేట్, ఆ పైన ఒక సీ.ఏ. దగ్గర ఆర్టికల్‌షిప్, చివర ఫైనల్. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ళనుంచి రెండేళ్ళకు తగ్గించారు. ఒక్కో పేపరులో నూటికి 40, మొత్తం మీద 50 రావాలి. కష్టం దాచను. 2024 జూన్ ఫౌండేషన్‌లో నూటికి పదిహేను మందికి మించి గట్టెక్కలేదు. కాని ఖర్చు సంగతి చూడండి. ఫౌండేషన్ నమోదుకు సుమారు పది వేల రూపాయలు. ఇన్‌స్టిట్యూటు వారే పుస్తకాలు ఇస్తారు, ఆన్‌లైన్‌లో తరగతులు ఉచితంగా చెబుతారు. ఆర్టికల్‌షిప్ కాలంలో కొద్దిగానైనా స్టయిపెండు వస్తుంది. ఇంజనీరింగు సీటుకోసం ఇల్లు తాకట్టు పెట్టే తండ్రి ఈ లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. కాస్ట్ అకౌంటెన్సీ, కంపెనీ సెక్రటరీ కోర్సులు కూడా ఇలాంటివే. ఫ్యాక్టరీల్లో, కంపెనీల్లో వాటికి విలువ వున్నది.

నాలుగవది, హైదరాబాదులో గచ్చిబౌలి, మాధాపూర్ వైపు వెలసిన విదేశీ కంపెనీల ఆఫీసులు. ఎక్కడో అమెరికాలో జరిగే వ్యాపారానికి బిల్లుల చెల్లింపు, వసూళ్ళు, నెలాఖరు లెక్కల ముగింపు ఇక్కడ కూర్చుని చేస్తారు. బీకాం పిల్లలను తీసుకుంటారు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తప్పులేకుండా ఈమెయిలు రాయగలగాలి, ఎక్సెల్ చేతికి అలవాటై వుండాలి. అమెరికా సీపీఏ పరీక్షను 2020 నుంచి హైదరాబాదులోనే రాయవచ్చు. అయితే అది లక్షల్లో ఖర్చు. పైగా మూడేళ్ళ బీకాం ఒక్కటే చాలామందికి సరిపోదు. మన మార్కుల జాబితాను ముందే మదింపు చేయించుకోకుండా ఏ కోచింగు సెంటరుకూ డబ్బు కట్టవద్దు.

ఐదవది గల్ఫ్. ఇది మన ఇళ్ళకు దగ్గరి విషయం గనుక కొంచెం వివరంగా చెప్పాలి. "మామూ జెద్దాలో వున్నాడు, బీకాం అయితే చాలు, వీసా పంపుతాడు" అన్న ధీమాతో చదివే పిల్లలు ఇంకా వున్నారు. ఆ రోజులు మారిపోయాయి. ఐదుగురు, ఆపైన అకౌంటెంట్లు వున్న ప్రైవేటు సంస్థల్లో నూటికి 30 మంది స్వదేశీయులే వుండాలని సౌదీ ప్రభుత్వం 2021లో నిబంధన పెట్టింది. 2025 అక్టోబరు నుంచి దాన్ని 40కి పెంచింది. దశలవారీగా 70కి తీసుకువెళ్తామని కూడా ప్రకటించింది. అక్కడ అకౌంటెంటుగా పనిచేయాలంటే సోక్పా అనే వృత్తి సంస్థలో నమోదు కావాలి, పట్టా నిజమైనదో కాదో పరిశీలన జరుగుతుంది. మరోవైపు అక్కడ పని లేకపోలేదు. సౌదీ, ఎమిరేట్స్ 2018 జనవరిలో వ్యాట్ మొదలుపెట్టాయి. సౌదీలో అది 2020 జూలై నుంచి నూటికి 15. ఎమిరేట్స్‌లో 2023 జూన్‌లో, ఆ తరువాత మొదలైన ఆర్థిక సంవత్సరాలనుంచి, 3,75,000 దిర్హాములు దాటిన లాభం మీద నూటికి 9 కార్పొరేటు పన్ను వచ్చింది. ఈ పన్నులు తెలిసిన అనుభవజ్ఞుడికి అక్కడ ఇంకా పిలుపు వున్నది. పట్టా ఒక్కటే పట్టుకుని వెళ్ళేవాడికి తలుపు ఇరుకైపోతున్నది. ఏజెంటుకు డబ్బు కట్టేముందు ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

ఇక భాష. ఇది మా ఉర్దూ మీడియం పిల్లల అసలు చిక్కు, తెలుగు మీడియం పిల్లలదీ అంతే. సీ.ఏ. పరీక్షలు ఇంగ్లీషులోగాని హిందీలోగాని రాయాలి. హిందీ మనకు వినడానికి దగ్గరే, కాని ఆ లిపి వేరు, ఆ పుస్తకాల్లోని పారిభాషిక పదాలు మనకు ఇంగ్లీషుకంటే దూరం. కనుక ఇంగ్లీషు తప్పదు. అయితే ఇక్కడ కావలసింది సాహిత్యం చదివే ఇంగ్లీషు కాదు. మూడు నాలుగు వందల వృత్తి పదాలు, చిన్న వాక్యాలు. డెబిట్, క్రెడిట్, డిప్రిసియేషన్, ప్రావిజన్ - ప్రతి పదాన్నీ ముందు మన భాషలో అర్థం చేసుకుని, తరువాత ఇంగ్లీషులో రాయడం అలవాటు చేస్తే ఏడాదిలో భయం పోతుంది. అర్థం కాకుండా బట్టీ పట్టినవాడికంటే ఇలా నేర్చినవాడే నిలబడతాడని తరగతి గదిలో నాకు అనుభవం.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మా బడిలో లెక్కల్లో ముందుండేది వాళ్ళే. ఇంటర్ తరువాత చదువు ఆపించేస్తున్నారు. ఈ వృత్తిలో ఇంట్లో కూర్చుని రెండు మూడు దుకాణాల రిటర్నులు చూసుకునే వీలు కూడా వున్నది. వాళ్ళ చేతి చదువును వృథా పోనివ్వకండి.

చివరిగా అమానత్ గురించి. ఖురాన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించినదే. రాసేవాడి మీద ఎంత బాధ్యత వున్నదో అక్కడే తెలుస్తుంది. నా పూర్వ విద్యార్థి ఒకడు సరుకు కదలకుండా బిల్లు మాత్రం రాయమంటే, రాయనని పని మానేసి వచ్చాడు. నాలుగు నెలలు ఇబ్బంది పడ్డాడు. ఇంట్లోవాళ్ళు కూడా తప్పుపట్టారు. నేను మాత్రం వాణ్ణి తప్పుపట్టను. బోగస్ బిల్లులకు జీఎస్టీ చట్టంలో జరిమానాలు వున్నాయి, మొత్తం పెద్దదైతే జైలు కూడా వున్నది. "సేఠ్ చెప్పాడు, రాశాను" అంటే అక్కడ చెల్లదు. పిల్లవాడు ఇలాంటి పనికి 'కాదు' అని ఇంటికి వచ్చిన రోజున, "జీతం పోగొట్టుకున్నావా?" అని వాణ్ణి నిలదీయకండి. వాడికి అన్నం పెట్టి, ఇంకో పని వెతుక్కునే వ్యవధి ఇవ్వండి.

సొసైటీ పెద్దలకు నా మనవి మూడే. ఏటా ఐదుగురు పిల్లలకు ఫౌండేషన్ నమోదు రుసుము కట్టండి. మన హాలులో సాయంత్రం రెండు గంటలు ఒక కంప్యూటరు, ఇంటర్నెట్ తెరిచి వుంచండి, ఆ ఉచిత తరగతులు అక్కడే వింటారు. మన వూళ్ళో పనిచేస్తున్న అకౌంటెంట్లను నెలకొక ఆదివారం పిలిపించి, నిజమైన బిల్లుల మీద పిల్లల చేత పని చేయించండి. వృత్తి పదాల తరగతి నేను తీసుకుంటాను, దానికి నాకు ఏమీ ఇవ్వనక్కరలేదు.

ఈ ఏడాది పది పాసయ్యే పిల్లలు ఇక్కడ చాలామంది వున్నారు. ఇష్టం వుండి, లెక్కంటే భయం లేకపోతే సీఈసీ గాని, ఎంఈసీ గాని ధైర్యంగా తీసుకోండి. ఇష్టం లేనివాణ్ణి మాత్రం అందులో పడేయకండి.