తుఫాను రాత్రి పలుపు విప్పేదెవరు?

(సాలూరులో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ధర గురించో, ఎరువు గురించో మాట్లాడతానని మీరు వచ్చారు. ఇవాళ గొడ్ల గురించి మాట్లాడతాను. తుఫాను నెలలు దగ్గర పడుతున్నాయి.

మన దిక్కున లెక్క చూడండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. గులాబ్ 2021 సెప్టెంబరు 26. మూడూ వరి ఇంకా చేలో ఉండగానే వచ్చాయి. పాత గడ్డికుప్ప అడుగంటేదీ అప్పుడే. కొత్త గడ్డి కావాలంటే కోతలు అవ్వాలి. పంట పోతే రాసుకోడానికి ఎవరో ఒకరు వస్తారు. గొడ్డు ఆకలి ఎవరూ రాసుకోరు.

సముద్రం దూరం కదా, మనకేంటి అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. హుద్‌హుద్ రోజున పాడిగేదెను శాలలో గుంజకు కట్టేసి, ఇంట్లో తలుపేసుకున్నాను. రాత్రి శాల కూలింది. తాడు తడిసి ముడి బిగుసుకుపోయింది, చీకట్లో ఊడలేదు. కత్తి తెచ్చేసరికి అయిపోయింది. దూడ బతికింది, దాన్ని కట్టలేదు గనక. చెట్లు పడి దారి లేదు, డాక్టరు రాలేదు, వాసన మొదలైందని పాతేశాం. తరవాత పరిహారం అడిగితే ఫొటో ఏది, డాక్టరు కాగితం ఏది అన్నారు. రెండూ లేవు. తప్పు కొంత నాదే. అంతా నాది మాత్రం కాదు.

అందుకే చెబుతున్నాను. హెచ్చరిక రాగానే పలుపు ఒక్క లాగుతో ఊడేలా ముడి మార్చండి, శాల గుమ్మంలో కొడవలి పెట్టండి. గాలి ముదరకముందే, పగలే, గొడ్లను మెరక మీదికి తోలండి. రేకుల శాలలో వద్దు, చెట్టు కింద అసలే వద్దు. గెడ్డ పొంగితే కొండ మీది ఊళ్ళకి నాలుగైదు రోజులు దారి ఉండదు. పెద్ద గొడ్డుకి రోజుకి అయిదారు కిలోల ఎండుగడ్డి కావాలి, ఆ లెక్కన అటక మీద దాచండి. బూజు పట్టిన తడిగడ్డి పెట్టకండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయించాలి. వేయించనివాళ్ళు రైతు సేవా కేంద్రంలో రేపే అడగండి, లేదా 1962కి ఫోన్ చెయ్యండి. కోళ్ళని గంప కింద మూసి నేల మీద వదిలేయకండి, నీళ్ళొస్తే అక్కడే పోతాయి. కాపలా ఉంటుందని కుక్కని గొలుసుతో కట్టి వెళ్ళిపోతారు కొందరు. నీళ్ళల్లో అది ఎవరికి కాపలా?

ఇప్పుడే మీ ఫోన్‌తో ప్రతి గొడ్డునీ మీ పక్కన నిలబెట్టి ఫొటో తీయించుకోండి. చెవి పోగు మీద పన్నెండంకెల నంబరు కనబడాలి. కేంద్రం 2022లో ఇచ్చిన విపత్తు సహాయ రేట్ల ప్రకారం పాడి ఆవుకో గేదెకో 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకి 32,000, మేకకో గొర్రెకో 4,000. పాడిపశువులైతే ఇంటికి మూడింటికే. ఆ డబ్బుకి సంతలో పాడిగేదె వస్తుందేమో మీరే చెప్పండి. అదైనా చచ్చిన గొడ్డుకి ధ్రువీకరణ ఉంటేనే. దారి తెగిన ఊళ్ళో ఆ కాగితం ఎవరివ్వాలి? పంచనామాకి సచివాలయం సిబ్బంది, ఫొటో చాలని ముందే ఉత్తర్వు ఇమ్మని అడుగుదాం.

ఇంకోటి. పునరావాస కేంద్రమంటే బడి గది. మనిషికి పులిహోర పొట్లం ఉంటుంది, మేకకి చోటుండదు. నాలుగు మేకలున్న అవ్వ కదలనంటే మొండితనం అంటారు. ఆ నాలుగు మేకలే ఆమెకి బ్యాంకు. వాటిని వదిలి ఎలా వస్తుంది? ప్రతి కేంద్రం పక్కన గొడ్లకి మెరక జాగా, గడ్డి, నీళ్ళ తొట్టి ఉండాలి. ఇది దయ కాదు, అది లేకపోతే మనుషులు ఇళ్ళల్లోనే ఉండిపోతారు.

అర్జీ కాగితం బల్ల మీద ఉంది. మీ ఊరి పేరు, గొడ్ల లెక్క, మెరక జాగా ఎక్కడుందో రాయించి సంతకం పెట్టండి. వేలిముద్ర వేసేవాళ్ళకి ఇంకు డబ్బా కూడా తెచ్చాం.