మందుబిళ్ళలు లెక్కపెట్టే చేతులు పరిశోధన చెయ్యలేవా?

(ఫార్మసిస్టుల సమావేశంలో ఇచ్చిన ఉపన్యాసం)



మేము మందుల షాపుల్లో, సర్కారు ఆసుపత్రుల మందుల గదుల్లో పనిచేసేవాళ్ళం. చీటీ చూసి బిళ్ళలివ్వటమే మన పని, పరిశోధన మనది కాదంటూ వచ్చారు. పరిశోధనంటే తెల్లకోటు, ఏసీ గది, ఇంగ్లీషు అట! మరి ఆ పరిశోధన ఎవరి ఒంటిమీద జరుగుతోంది? 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్.పి.వి. టీకా అధ్యయనం పెట్టినప్పుడు సూది పొడిపించుకున్నవాళ్ళలో ఎక్కువమంది గిరిజన, పేదింటి ఆడపిల్లలు. చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకాతో మాకు పేచీ లేదు. అడక్కుండా పొడవటంతోనే పేచీ. ఒళ్ళు ఇవ్వటానికి పనికొచ్చినవాళ్ళం ప్రశ్న అడగటానికి పనికిరామా?

ప్రశ్నలు మన బల్ల ముందుకే నడిచొస్తాయి. నాట్ల కాలం చూడండి. పొద్దంతా నడుం వంచిన అమ్మ సాయంత్రం వచ్చి, "నొప్పుల బిళ్ళ ఇవ్వయ్యా, రేపు మళ్ళీ కూలికి పోవాల" అంటది. డైక్లోఫెనాక్ లాంటివి ఖాళీ కడుపున రోజుల తరబడి మింగితే కడుపులో పుండు పడుద్ది. ఎండలో నీళ్ళు చాలని ఒంటికైతే మూత్రపిండాలకూ ముప్పే. ఏ వారంలో ఎంతమంది అడిగారు, తిని మింగుతున్నారా, ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు? కాలేజీ గదిలో కూర్చుంటే ఈ లెక్క తెలవదు. మన బల్ల దగ్గర తెలుస్తది.

లెక్క రాసినంత మాత్రాన పరిశోధన అయిపోదు. మనుషుల్ని అడిగి వివరాలు తీసుకోవాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాల. వాళ్ళకర్థమయ్యే మాటల్లో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాల. ఖమ్మంలో జరగనిది మనం జరిపి చూపాల. ఇందుకు దగ్గర్లోని కాలేజీలో ఫార్మసీ ప్రాక్టీసు చెప్పే మాష్టార్ని పట్టుకోండి. ఉద్యోగం మానక్కర్లేదు. ప్రశ్న మనది, పద్ధతి ఆయన నేర్పుతాడు. అచ్చయ్యే వ్యాసం మీద మన పేరుంటదా లేదా అన్నది మాత్రం మొదటిరోజే తేల్చుకోండి. లేకపోతే చెమట మనది, పేరు వాళ్ళది!

ఇక చదువు సంగతి. డి.ఫార్మసీ వాళ్ళు ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఆ తర్వాత మూడేళ్ళ ఫార్మ్.డి. ఉంది, జీప్యాట్ రాసి ఎం.ఫార్మసీ ఉంది. పీహెచ్‌డీ చేసే ఎస్సీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ ఉంది. ఇవన్నీ పగటి చదువులు. అన్నాళ్ళూ ఇల్లెట్లా గడవాలన్నది ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడుకోవాల.

రేపే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. మందు పడక ఒళ్ళంతా దద్దుర్లొస్తే మనవాళ్ళు "నా ఖర్మ" అనుకుని ఊరుకుంటారు. 2010లో మొదలైన దేశ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఆ సంగతి ఫార్మసిస్టు స్వయంగా రాయొచ్చు. ఉచిత ఫోను 1800-180-3024. మందు వాడినవాళ్ళు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. రోగి పూర్తి పేరు అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు. వయసు, ఏ మందు, ఏమైంది, ఎప్పుడు మొదలైంది, రాసిందెవరు అన్నవి ఉండాల. వచ్చే సమావేశంలోగా ఒక్కొక్కరు ఒక్క ఫారమన్నా నింపి పంపండి. నింపేటప్పుడు ఎక్కడ కలం ఆగిపోయిందో రాసుకు రండి, కలిసి కూర్చుని చూద్దాం.