తీగ గొంతు, తోలు గొంతు

ఒకే షడ్జమమును వీణపై పలికింపుడు, సన్నాయిపై పలికింపుడు, మనిషి గొంతున పలికింపుడు. శ్రుతి ఒక్కటియే. అయినను కన్నులు మూసికొని విన్నవారు సైతము ఇది వీణ, ఇది సన్నాయి, ఇది మనిషి అని క్షణములో చెప్పగలరు. రేడియో ముందు కూర్చుండు ఇల్లిల్లును దినదినము ఈ పరీక్షలో నెగ్గుచునే యున్నది. వార్తలు చదువువారు తమ పేరు చెప్పుకొనకమునుపే, వారెవరో ఇంటిలోని పసివాడు సైతము గుర్తించును. శ్రుతియు, బిగ్గరతనమును గాక, శబ్దమునకు గల ఈ మూడవ గుణమును మనము గొంతు అనుచున్నాము. గిటారు వాయించువారు టోను అనుచున్నారు. ఈ గుణమును గూర్చియు, దానిని పుట్టించు పాత సరంజామాను గూర్చియు కొంత ముచ్చటింపదలచితిమి. పాశ్చాత్యుల విద్యుత్ గిటారుతో మొదలిడి మన తూర్పు కనుమలలోని అరకులోయకు చేరుదము. దారి దూరమే గాని నడుమ ఎక్కడను తెగదు.

మీటిన తీగ ఒక్క తీరుగా ఊగదు. తీగ యంతయు ఒక్కటిగా ఊగును. ఆ క్షణముననే రెండు సగములుగను, మూడు భాగములుగను, నాలుగు భాగములుగను కూడ ఊగును. మొదటి ఊపు మూలస్వరము; తక్కినవి ఉపస్వరములు. మూలస్వరము సెకనుకు 100 కంపనములైనచో ఉపస్వరములు 200, 300, 400 కంపనములుగా నడచును. వీనిలో నెవ్వి బలముగ నున్నవి, ఎవ్వి బలహీనముగ నున్నవి, ఎవ్వి త్వరగ అణగిపోవుచున్నవి అనుదానిపై గొంతు ఆధారపడి యుండును. అదే తీగను గుర్రము దగ్గర మీటినచో శబ్దము పదునుగను, నడుమ మీటినచో మెత్తగను ఉండుటకు కారణ మిదియే. కావున గొంతునకు మొదటి సరంజామా వ్రేళ్ళే యని మనవి చేయుచున్నాము. ఎంత వెలగల వాద్యమైనను ఈ తరువాతిదే.

విద్యుత్ గిటారు పుట్టుటకు కారణము సౌందర్యము గాదు, అవసరము. అమెరికా నాట్యశాలలలో బాకాలును, డోళ్ళును మ్రోగుచుండగా చెక్కగిటారు వినబడెడిది కాదు. జార్జి బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు 1931లో ఒక నమూనాను సిద్ధము చేసి, 1932లో అల్యూమినియముతో చేసిన గిటారును అంగడికి తెచ్చిరి. దాని ఆకారమును చూచి లోకులు వేపుడు పెనము అని పేరు పెట్టిరి. అందలి కిటుకు సులభమైనది. ఉక్కుతీగల క్రింద ఒక అయస్కాంతమును, దాని చుట్టు వెండ్రుకవంటి రాగితీగను వేలచుట్లు చుట్టి ఉంచుదురు. దీనిని పికప్ అందురు. ఉక్కుతీగ ఊగినపుడు అయస్కాంతక్షేత్రము చెదరును. రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తును పెంచి స్పీకరునకు అందించినచో శబ్దమగును. ఈ కొత్త గొంతుతో 1939లో చార్లీ క్రిస్టియన్ అను యువకుడు బెన్నీ గుడ్‌మన్ వాద్యబృందమున చేరి, క్లారినెట్టుతో సరిసమానముగ గిటారును పలికించెను.

విద్యుత్తును పెంచు పని ఆ దినములలో గాజు వాల్వులది. ఇవి పాతకాలపు రేడియో పెట్టెలలో ఎఱ్ఱగ వెలుగుచుండిన వాల్వుల జాతివే. బెంగుళూరిలో 1954లో నెలకొల్పబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు ఒకప్పుడు రేడియో వాల్వులను తయారు చేసెడిది. వాల్వునకు ఒక హద్దు కలదు. ఆ హద్దునకు మించిన బలముతో స్వరమును పంపినచో తరంగముల శిఖరములు అణగిపోవును. మూలములో లేని కొత్త ఉపస్వరములు పుట్టును. రేడియో తయారు చేయు ఇంజనీరునకు అది దోషము. శబ్దము చిట్లినదని మనము కూడ వాల్యూము తగ్గింతుము. గిటారు వాయించువారు మాత్రము ఆ దోషమునందే ఒక రుచిని కనుగొనిరి. 1958లో లింక్ రే అనువాడు స్పీకరు కాగితమునకు పెన్సిలుతో చిల్లులు పొడిచెను. 1964లో ఇంగ్లండు యువకుడు డేవ్ డేవిస్ బ్లేడుతో దానిని కోసెను. ఇట్లు కోయు కష్టమక్కరలేకుండ, స్వరమును చిట్లించు చిన్న పెట్టెలు 1962 నాటికే అంగడికి వచ్చినవి.

ఆ 1962లోనే లండనులో డోళ్ళు అమ్ముకొను జిమ్ మార్షల్ అను వర్తకుని అంగడిలో ఒక ఆంప్లిఫయరు సిద్ధమైనది. అమెరికాలోని ఫెండర్ కంపెనీవారి ఆంప్లిఫయరును నమూనాగా గైకొని దీనిని కట్టిరి. కాని అమెరికా సామగ్రి ప్రియము. ఇంగ్లండులో దొరకెడు భాగములను, అచటి స్పీకర్లను వాడిరి. నక్షా ఇంచుమించు అదియే, గొంతు మాత్రము వేరు. దొరకిన సామగ్రి ఆ గొంతును నిర్ణయించినది. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము; అరకులో దీనితో మరల పని పడును.

నేడు పాత గిటార్ల వెల వినినచో ఆశ్చర్యము కలుగును. గిబ్సన్ కంపెనీవారు 1958 మొదలు 1960 వరకు చేసిన లెస్‌పాల్ అను ఒక రకము గిటార్లు ఆ దినములలో బాగుగ అమ్ముడుపోలేదు. కంపెనీవారే ఆ రూపమును మానివేసిరి. నేడు అవే లక్షల డాలర్లు పలుకుచున్నవి. ఏమి కలదు వానిలో? రాగిచుట్టలు ఆ దినములలో సరిగ ఇన్ని చుట్లని లెక్క కుదరక, ఒకటి ఎక్కువగను, ఒకటి తక్కువగను ఉండెడివి. అయస్కాంతములు నొక్కటి వలె నొక్కటి యుండెడివి గావు. అందుచే ఏ రెండు గిటార్లును ఒక్క గొంతుతో పలుకవు. ఇది నిజము. చెక్క పాతబడినకొలది విద్యుత్ గిటారు గొంతు మారునా అనునది మాత్రము నేటికిని తగవుగనే యున్నది. వెలలో కొంత నాదమునకు, కొంత జ్ఞాపకమునకు, కొంత గొప్పకు చెల్లించుచున్నారని మా అభిప్రాయము.

మన తెలుగువారిలో ఈ విద్యుత్ తీగను పూర్తిగ తన దానిగ చేసికొన్నవారు ఉప్పలపు శ్రీనివాస్ గారు. 1969లో పాలకొల్లున పుట్టి 2014లో పరమపదించిన ఆ మహానుభావుడు పాశ్చాత్య మాండలినునకు గల నాలుగు జంట తీగలను విడిచి, ఐదు ఒంటి తీగలను కట్టుకొనెను. జంట తీగల చెక్కమాండలినుపై స్వరము మీటినంతనే ఆరిపోవును. ఆరిపోవు స్వరముపై గమకము నిలువదు. విద్యుత్తు ఆ స్వరమును నిలిపి యిచ్చినది. ఒంటి తీగ వ్రేలికి లొంగినది. అంతట కర్ణాటక సంగీతమునకు ఒక కొత్త గొంతు లభించినది. ఆయన సరంజామా కొరకు సంగీతమును మార్చలేదు. సంగీతము కొరకు సరంజామాను మార్చెను.

ఇక అరకులోయ. సముద్రమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్న ఈ సీమలో కొండదొరలు, బగతలు, వాల్మీకులు, కోటియలు, పోర్జలు, కోదులు మున్నగువారు నివసించుచున్నారు. చైత్రమాసపు ఇటుకల పండుగకును, పెండ్లిండ్లకును స్త్రీలు చేతులు పెనవేసికొని, వలయముగ అడుగులు వేయుచు థింసా ఆడుదురు. ఆ ఆటకు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు తోడు. మోరి సన్నాయి జాతిది, జోడుకొమ్ములు ఊది పలికించునవి, తక్కినవి చర్మవాద్యములు. ఈ బృందమునకు ఆంప్లిఫయరుతో పని లేదు. మోరిలోని పదునైన ఉపస్వరములు మన చెవి మిక్కిలి చురుకుగ వినగలిగిన మేరలో నుండుటచే, అది ఇన్ని డోళ్ళమీదుగ కూడ దూరమునకు వినబడును. బీచమునకు వచ్చిన చిక్కును కొండవారు విద్యుత్తు లేకుండగనే తీర్చుకొనిరి.

చర్మవాద్యముల సంగతి వేరు. విశాఖపట్టణమున బాల్యము గడపిన సర్ సి. వి. రామన్ గారు ఈ విషయమును శ్రద్ధతో శోధించిరి. వట్టి తోలు తీగవలె లెక్కప్రకారము ఊగదు. మూలము 100 అయినచో పై కంపనములు సుమారు 159, 214, 230 ఇట్లుండును. ఇవి ఒకదానితో నొకటి పొసగవు. మృదంగమునకు మధ్య నల్లని కరణి పెట్టుటచే ఆ కంపనములు శ్రుతిబద్ధమగుచున్నవని రామన్ గారు 1920లో లోకమునకు చాటిరి. డప్పునకు కరణి లేదు. అది స్వరము కొరకు పుట్టినది కాదు. అడుగు కొరకు పుట్టినది. దాని దెబ్బ పొడిగను, చురుకుగను పడవలెను. తరువాతి దెబ్బకు చోటిచ్చి తొలగవలెను. అరకు మంచులో తోలు చెమ్మను పీల్చి సాగును, గొంతు మొద్దుబారును. అప్పుడు వాద్యకారుడు డప్పును నిప్పుసెగకు చూపును. చెమ్మ యెగిరి తోలు బిగియును, గొంతు లేచును. ఎంత సేపు చూపవలెనో చెప్పు ముల్లు గాని, మీట గాని లేదు. వ్రేలితో తట్టి చెవితో వినుటయే కొలత. తోలు, చెక్క, మంచు, నిప్పు: దొరకిన సామగ్రియే ఇచ్చటను గొంతును నిర్ణయించినది.

ఇచ్చట ఒక అపాయమును శ్రోతల దృష్టికి తేవలసి యున్నది. నేటి వేడుకలలో థింసా వాద్యముల ముందు మైకు నిలిపి, పెద్ద స్పీకర్లలో వాల్యూమును తుదివరకు త్రిప్పుట పరిపాటి యైనది. శబ్దము చిట్లును. గిటారునకు అందమైన చిట్లుట డోలునకేల కాకూడదు అని అడుగవచ్చును. సమాధానము పై లెక్కలోనే యున్నది. ఒక్క తీగస్వరము చిట్లినపుడు పుట్టెడు కొత్త కంపనములన్నియు ఆ మూలస్వరమునకు రెట్లే. అందుచే గొంతు చిక్కబడును గాని చెడదు. తోలు కంపనములు ముందే పొసగనివి. అవి చిట్లినచో వాని కూడికలును, తీసివేతలును కొత్త శబ్దములై పుట్టి రొదగ పోగుపడును. దానికి తోడు మోరియు, కొమ్ములును, కిరిడియు ఒక్క స్పీకరులోనే కలిసి చిట్లినచో, ఏ దెబ్బ ఎక్కడ పడినదో తెలియదు. దెబ్బ తెలియనిచో అడుగు తెలియదు. అడుగు తెలియనిచో థింసా లేదు. గుంపు కదలిక మాత్రము మిగులును. విన్నవారు కొండవారి వాద్యములు మోటువని తలతురు. ఆ మోటుదనము స్పీకరుదని వారికి ఎవరు చెప్పుదురు?

మరియొక మార్పు ప్లాస్టికు తోలు. దానికి వాన భయము లేదు, నిప్పుతో పని లేదు, ఖర్చు తక్కువ. దినమెల్ల వాయించి కూలి తెచ్చుకొనువానికి ఇవి చిన్న మేళ్ళు గావు. మన చెవుల సుఖము కొరకు అతడు వానలో తడిసిన తోలుతో అవస్థ పడవలెనని కోరుట న్యాయము కాదు. కాని పాత గొంతు కావలెనని మనము నిజముగ కోరినచో, దానికి వెల మనమే ఇయ్యవలెను. పాత గిటారునకు లక్షలు పోయుచున్న లోకములో, కిరిడి కట్టు చేతికి తగిన కూలి దొరకకుండుట ఏమి న్యాయము? లెస్‌పాల్ గిటారును కంపెనీవారు మానివేసినను దాని నక్షాలు మిగిలినవి; నేడు మరల చేయుచున్నారు. కిరిడికి కాగితముపై నక్షా లేదు. కట్టువాని చేతిలోనే యున్నది. ఆ చేయి ఆగినచో కొనుటకు పాతవి కూడ మిగులవు. తోలు చెడును, చెక్కకు పురుగు పట్టును.

చేయదగిన పనులు కష్టమైనవి గావు. వేడుకలు జరిపించువారు మైకును వాద్యములకు కొంత దూరముగ, ఎత్తుగ నిలిపి, ముల్లు ఎఱ్ఱగీత దాటకుండ చూచిన చాలును. చిన్న మైదానమైనచో మైకే అక్కరలేదు. జనమే దగ్గరకు జరుగవచ్చును. ధ్వనిముద్రణ చేయువారు పాటతోబాటు ఏ చెక్క, ఏ తోలు, ఎట్లు సెగ చూపిరి, కట్టినవారెవరు అను వివరములను వారి అనుమతితో వ్రాసి యుంచవలెను. వాద్యము కట్టుటను కూడ ముద్రించి యుంచవలెను. పిలిచి వాయింపించుకొన్నవారు నిప్పు వేసికొనుటకు చోటును, సెగ చూపుటకు సమయమును ఇయ్యవలెను, కాలహరణమని తొందరపెట్టరాదు. ఆ పావుగంటయు వాద్యములో భాగమే.

అరకునకు పోవు శ్రోతలు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. స్పీకరునకు దూరముగ, డప్పునకు దగ్గరగ నిలువుడు. సెగకు ముందొక దెబ్బ, సెగ తరువాత నొక దెబ్బ వినుడు. ఆ రెంటికి నడుమ నున్న భేదము కొరకే గిటారు వాయించువారు లోకమంతయు గాలించుచున్నారు. మనకు అది కొండమీద, చితుకుల మంట ప్రక్కను, ఇంకను ప్రాణముతో నున్నది.