ఇండ్లస్థలములును ఊరి ప్రశ్నలును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



మహాభారత సభాపర్వమున రెండు సభలు కనబడును. మొదటిది ఇంద్రప్రస్థమున మయుడు నిర్మించిన సభ. అచటికి నారదుడు వచ్చి ధర్మరాజును కుశలమడిగెను. ఆ కుశలప్రశ్నలలో పెక్కు రాజ్యపాలనకు సంబంధించినవి. రాజ్యమున తగినచోట్ల పెద్దచెరువులు నిండియున్నవా, సేద్యము వానమీదనే ఆధారపడకయున్నదా అని కూడ ఆ దేవర్షి అడిగెను. రెండవది హస్తినాపురమున ద్యూతము జరిగిన సభ. అచట ద్రౌపది యొక ప్రశ్న వేసెను. భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. తక్కిన పెద్దలు తలలు వంచుకొనిరి. సమాధానము చెప్పుడని వికర్ణుడును విదురుడును ఎంత చెప్పినను లాభము లేకపోయెను. ధర్మము తెలిసియు సభలో నోరు విప్పనివానికి అసత్యదోషమున సగము చుట్టుకొనునని విదురుడు హెచ్చరించెను. ప్రశ్నకు బదులీయని ఆ సభ కురువంశమునకేమి తెచ్చిపెట్టెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ రెండు సభలను గ్రామపంచాయతీవారు జ్ఞప్తియందుంచుకొనవలసిన సందర్భమొకటి నేడు తరచుగా వచ్చుచున్నది. ఇండ్లస్థలముల లేఔటుకై దరఖాస్తు పంచాయతీ ముందునకు వచ్చిన దినమే ఆ సందర్భము.

రహదారి ప్రక్కనున్న మాగాణియో మెట్టయో చేతులు మారును. నెల తిరుగకముందే ఎర్రమట్టి బాటలు పడును, హద్దురాళ్ళు లేచును, రంగుల జెండాలు ఎగురును, స్వాగతద్వారమొకటి వెలయును. ఊరిలో పెక్కుమందికి సంగతి తెలియునది ఆ జెండాలు చూచిన పిమ్మటనే. అప్పుడు ప్రశ్నలు పుట్టును: ఆ చేనిలోనుండి పోవు వాననీరు ఇక ఎటు పోవును? పశువులు నడచు డొంక ఏమైనది? ఊరి మంచినీటి బావికి కీడు కలుగదు గదా? ఈ ప్రశ్నలు రచ్చబండకడ పుట్టి, రచ్చబండకడనే అణగిపోవును. పంచాయతీ తీర్మానముల పుస్తకములోనికి మాత్రము ఎక్కవు.

దీనినిబట్టి ఇండ్లస్థలములే వలదనుట న్యాయము కాదు. తాతనాటి యింటిలో నలుగురన్నదమ్ములు నాలుగు పొయ్యిలు పెట్టుకొనిన తరువాత అయిదవ పొయ్యికి చోటెక్కడ? ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పి, దాచుకొనిన సొమ్ముతో రెండువందల గజములు కొనుక్కొనదలచిన ఉపాధ్యాయుని కోరిక తప్పు కాదు. దరఖాస్తు పెట్టినవాడెల్ల ఊరికి శత్రువు కాడు. క్రొత్తయిల్లు వెలసిన పంచాయతీకి ఇంటిపన్ను వచ్చును. దానితోపాటు 1960 నాటి పౌరగ్రంథాలయముల చట్టముక్రింద రూపాయకు 8 పైసల గ్రంథాలయ పన్ను కూడ వసూలగును. అనగా ప్రతి క్రొత్తగడపయు ఇట్టి గ్రంథాలయములకు ఒక పుస్తకపు పుటనైనను ఇచ్చుచున్నది. కావున ప్రశ్న ఇండ్లు వలయునా వలదా అన్నది కాదు. అనుమతికి ముందు అడుగవలసినవి అడిగిరా, అడిగినవానికి సమాధానము చెప్పిరా అన్నదే ప్రశ్న.

ఇందుకు కొంచెము లెక్క చూడవలెను. పది యెకరములనగా 48,400 చదరపు గజములు. లేఔటు నియమముల ననుసరించి కనీసము 10 శాతము, అనగా ఒక యెకరము, పిల్లల ఆటలకును ఉద్యానమునకును ఉమ్మడి ఖాళీస్థలముగా విడువవలెను. బాటలకు మరి 30 శాతము పోయినదనుకొన్నచో మిగులునది 29,040 గజములు. రెండువందల గజముల వంతున 145 ఇండ్లగును. ఇంటికి అయిదుగురు చొప్పున 725 మంది. 2019 లో ఆరంభమైన జలజీవన్ పథకము పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు లెక్క కట్టినది. ఆ ప్రకారము దినమునకు సుమారు 40,000 లీటర్లు కావలెను. ఈ నీరు ఏ బావినుండి, ఏ ట్యాంకునుండి వచ్చును? వాడిన నీరు ఏ కాలువలోనికి పోవును?

ఇది బయటికి తెచ్చుకొనవలసిన నీటి లెక్క. పైనుండి పడు నీటి లెక్క వేరు. అయిదు సెంటీమీటర్ల వాన ఒక్కనాడు కురిసినచో పది యెకరములమీద సుమారు 20 లక్షల లీటర్లు పడును. దుక్కి దున్నిన చేను ఆ నీటిలో చాల భాగము త్రాగును. సిమెంటు బాట త్రాగదు, మేడకప్పు త్రాగదు. ఆ నీరు పల్లమునకు పరుగిడును. పల్లమున ఎవరి గుడిసెలున్నవో ఊరివారికి తెలియును, దరఖాస్తుతో వచ్చిన పటమునకు తెలియదు.

పూర్వులు కట్టడమునకు ముందే దోషములెంచెడివారు. కడప మండలమున పోరుమామిళ్ళ చెరువుకట్టకడ క్రీ.శ. 1369 నాటి శాసనమున్నది. విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు భాస్కరభవదూరుడు ఆ చెరువు కట్టించెను. మంచి చెరువునకు కావలసిన సాధనములు పండ్రెండు, విడువవలసిన దోషములు ఆరు ఆ శాసనమున చెక్కబడియున్నవి. కట్టనుండి నీరు ఊరుట దోషము, చవుడునేల దోషము, రెండు రాజ్యముల సరిహద్దున కట్టుట దోషము, నీరు హెచ్చై నేల తక్కువగుటయు, నేల హెచ్చై నీరు తక్కువగుటయు దోషములే. వేయిమంది కూలీలు రెండేండ్లు పని చేసిరని కూడ అందున్నది. అంత శ్రమకు పూనుకొనువారు ముందుగా గుణదోషములు విచారించి, ఆ విచారణను రాతిమీద నిలిపిరి. నేటి పంచాయతీ రాతిమీద చెక్కనక్కరలేదు. తీర్మానముల పుస్తకమున వ్రాసిన చాలును.

అయితే ఊరివారు చెప్పునదెల్ల విచారింపదగినదే యగునా? కాదు. అడుగువారికిని ధర్మమున్నది. క్రొత్తవారు ఫలానా కులమువారు, ఫలానా మతమువారు, వారు రాకూడదనుట సభలో ఉచ్చరింపరాని మాట. తన స్థలమునకు ధర తగ్గునను చింతయు, ప్రక్కవాడు బాగుపడుచున్నాడను కడుపుమంటయు ఊరి ప్రశ్నలు కావు. వాగు పోకయు, చెరువునకు నీరు తెచ్చు కాలువయు, డొంకయు, శ్మశానమునకు పోవు బాటయు, పోరంబోకు నేలయు, త్రాగునీటి బావియు ఊరి ప్రశ్నలు. ఊరి త్రాగునీటి వసతికి 250 మీటర్ల లోపల అనుమతి లేక క్రొత్తబావి త్రవ్వరాదని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెప్పినది. ఇట్టి దానిని చూపి అడిగినవానిని అభివృద్ధికి అడ్డుపడువాడని తూలనాడుట తగదు.

పంచాయతీయే మౌనము వహించిన ఏమగునో పంజాబు రాష్ట్రమున పాటియాలా జిల్లా రోహర్ జాగీర్ గ్రామకథ తెలుపును. ఆ ఊరి చెరువునేలను కొందరు పూడ్చి ఇండ్లు కట్టుకొనిరి. వారిని తొలగింపుడని పంచాయతీ మొదట దరఖాస్తు పెట్టెను. ఆ నేల చెరువేయని కలెక్టరు ఒప్పుకొనియు, ఇండ్లు లేచినవి గనుక నేలవెల వసూలుచేసి వారికే ఇచ్చివేయుమని 2005 లో ఉత్తరువు చేసెను. పంచాయతీ ఆ ఉత్తరువుపై పలుకలేదు, పైకి పోలేదు. పోయినవారు వేరే కొందరు. వారి అప్పీలును 2007 లో కమీషనరు అంగీకరించి, పంచాయతీ ఆక్రమణదారులతో చేయి కలిపినట్లున్నదని తేల్చెను. తుదకు 2011 జనవరి 28 వ తేదీన సుప్రీంకోర్టు ఆక్రమణదారుల అప్పీలును కొట్టివేసెను. గ్రామముల ఉమ్మడినేలలను ఆక్రమణలనుండి విడిపించుటకు పథకములు వేయుడని రాష్ట్రములన్నిటిని ఆజ్ఞాపించెను. ఆక్రమణ చాలకాలము సాగినదనుటగాని, కట్టడమునకు పెద్దసొమ్ము వ్యయమైనదనుటగాని క్రమబద్ధము చేయుటకు కారణము కాజాలదని చెప్పెను. భూమిలేని కూలీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ప్రభుత్వము ఇచ్చిన పట్టాలు, అదివరకే వెలసిన బడి, వైద్యశాల మొదలగు కొన్నిటికి మాత్రమే మినహాయింపు చూపెను.

ఈ కథలో గమనింపవలసినదొకటి. చెరువును కాపాడినది చెరువునకు కావలియైన పంచాయతీ కాదు, అడుగుట మానని కొందరు. ఇల్లు కట్టిన తరువాత అడుగుటవలన కలిగిన కష్టమును కూడ మరువరాదు. ఇండ్లు కట్టుకొనినవారి సొమ్మును శ్రమయు బూడిదయైనవి. మొదటి బండెడు మట్టి పడిననాడే సభ అడిగియున్నచో ఒక్క తీర్మానముతో పోవునది, పడుచు లేచుచు సుప్రీంకోర్టు దాక పోయెను.

సభ మౌనమువలన నష్టపడువారు పల్లముననున్నవారు మాత్రమే కారు, ప్లాటు కొనినవారును నష్టపడుదురు. అనుమతిలేని లేఔటులలోని ప్లాట్లను క్రమబద్ధము చేయుటకు తెలంగాణమున 2020 లో దరఖాస్తులు కోరగా 25 లక్షలకు పైబడి వచ్చెను. ఒక్కొక్క దరఖాస్తు వెనుక ఒక్కొక్క కుటుంబము దాచుకొన్న సొమ్మున్నది. వారిలో పెక్కుమంది రిజిస్ట్రేషను కాగితమునే అనుమతి పత్రమని నమ్మినవారు. వ్యవసాయభూమిని ఇతరమునకు మార్చుకొనినంతమాత్రమున లేఔటునకు అనుమతి వచ్చినట్లు కాదనియు, రిజిస్ట్రేషను కొనుగోలును తెలుపునే గాని బాటను, కాలువను, నీటిని తెలుపదనియు వారికెవరును చెప్పలేదు. పంచాయతీ కార్యాలయపు గోడమీద ఒక్క కాగితము అంటించియున్న, ఎందరి కన్నీరో ఆగియుండెడిది.

లేఔటునకు సాంకేతిక పరిశీలన పైశాఖలదో, అభివృద్ధి ప్రాధికార సంస్థలదో అగును గనుక పంచాయతీ చేయగలిగినదేమున్నదని కొందరందురు. బాటల వెడల్పు కొలుచుట వారి పని, నిజమే. కాని శ్రావణమాసమున ఏ చేనిలో మోకాలిలోతు నీరు నిలుచునో, ఏ గట్టుమీదుగా పశువులు తరతరములుగా నడచుచున్నవో పట్టణమున కూర్చున్న ఉద్యోగికి తెలియదు. అది తెలిసినది ఊరికే. తెలిసినది వ్రాసి పంపుట పంచాయతీ విధి. రాజ్యాంగమున 243-జి అధికరణము పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములను పదకొండవ షెడ్యూలున చూపినది. అందు పదవది గ్రామీణ గృహనిర్మాణము, పదకొండవది త్రాగునీరు, ఇరువదవది గ్రంథాలయములు. ఈ మూడింటిని ఒక్కచోట చేర్చిన ఊరికి మేలు కలుగును.

చేయవలసినది కష్టమైనది కాదు. లేఔటు దరఖాస్తు వచ్చిన వారమే టముకు వేయింపవలెను. పటపు నకలొకటి గ్రంథాలయమున వార్తాపత్రికల బల్లమీద నుంచవలెను. గ్రామపటమును, అడంగలును దానిప్రక్కన పెట్టి, వాగు, డొంక, పోరంబోకు ఏ సర్వే నంబరున పోవుచున్నవో సరిచూడవలెను. చదువరానివారికి చదివి చెప్పుటకు ఒక సాయంకాలము కేటాయింపవలెను. సర్పంచియు, వార్డు సభ్యులును, కార్యదర్శియు దరఖాస్తుదారునితోను, ప్రక్కరైతులతోను కలిసి ఒకమారు నేల తొక్కి చూడవలెను. వచ్చిన ప్రశ్నలకు వరుస సంఖ్యలు వేసి, ఒక్కొక్కదానికి ఎదుట సమాధానమును, దానికి కారణమును వ్రాయవలెను. అంగీకరించినచో ఏ షరతుమీద, నిరాకరించినచో ఏ హేతువుచేత అన్నది స్పష్టముగా నుండవలెను. విడిచిన ఖాళీస్థలమును, బాటలను పంచాయతీ పేర దఖలు చేయించుకొని, వానికి హద్దులు నాటింపవలెను. లేనియెడల నేడు ఉద్యానమని పటమున పచ్చరంగు వేసినది పదియేండ్లకు మరియొక ప్లాటగును.

ఇట్లు చేయుటవలన దరఖాస్తుదారునకును మేలే. కారణము చెప్పి వలదన్నచో సరిదిద్దుకొని మరల రావచ్చును. కారణము చెప్పక త్రిప్పుటవలననే చాటుబేరములు పుట్టుచున్నవి. బహిరంగముగా అడిగి, బహిరంగముగా బదులు చెప్పిన చోట చీకటిబేరమునకు తావుండదు.

పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరివారికి చదువుట నేర్పినది. భారతము చదివినవారు, పత్రిక చదివినవారు, ఇక మీద లేఔటు పటమును కూడ చదువవలెను. ఊరికి క్రొత్తయిండ్లు రావలెను, క్రొత్తదీపములు వెలుగవలెను. ఆ దీపములు వెలుగు నేల ఎవరి చెరువును పూడ్చినది కాకుండవలెను, ఎవరి గుడిసెను ముంచునది కాకుండవలెను. మయసభలో నారదుడడిగిన ప్రశ్న ధర్మరాజు శ్రద్ధగా వినెను. ఆ రాజ్యము వర్ధిల్లెను. ద్యూతసభలో ద్రౌపది యడిగిన ప్రశ్నకు పెద్దలు తలలు వంచుకొనిరి. గ్రామసభ కూడిననాడు ఒక ముసలమ్మ లేచి, "నాయనలారా, ఆ వాననీరు నా యింటిమీదికే గదా వచ్చును?" అని యడిగినచో, ఆ సభ ఈ రెండింటిలో ఏ సభ యగునో సభ్యులే నిర్ణయించుకొనవలెను.

స్వస్తి.